బ్రాహ్మణ ఆవు, పరయా దేశం

బ్రెజిల్‌లో ఒక ఆవు విలువ దాదాపు 40 కోట్ల రూపాయలని 2025 మొదట్లో మన పత్రికలన్నీ రాశాయి. ఆ ఆవు పేరు వియాటినా-19. తెల్లని ఒళ్ళు, ఎత్తైన మూపురం, సుమారు 1,100 కిలోల బరువు. వేలంలో అంతవరకూ ఏ ఆవుకూ రాని ధర దానికి వచ్చిందని గిన్నిస్ వారు నమోదు చేసుకున్నారు. మనకు ఆ వార్త ముద్దొచ్చింది మాత్రం ధర వల్ల కాదు, దాని పూర్వీకులు ఒంగోలు వారు కావడం వల్ల. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి అట్లాంటిక్ దాటిన మన పశువులకు అక్కడ ‘నెల్లోర్’ అనే పేరు స్థిరపడింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. తెలుగువారు ప్రపంచంలో ఎక్కడ ఏం సాధించినా మనకు మొదట తట్టే ప్రశ్న ‘మనవాళ్ళేనా?’ అన్నది. రెండో ప్రశ్నను పైకి అడగం, ఇంటిపేరు చూసి తెలుసుకుంటాం. ఆవుకు ఇంటిపేరు లేదు గనుక ఈసారి అందరూ కలిసే సంతోషించారు.

ఆ ఆవు చుట్టాలు కొందరు టెక్సాస్‌లో ఉన్నారు. వాళ్ళకు మాత్రం కులం ఉంది. నెల్లోర్, గిర్, గుజెరా, కృష్ణా లోయ పశువులను కలిపి అమెరికన్లు తయారు చేసుకున్న జాతి పేరు ‘బ్రాహ్మణ్’. ఆ జాతి పెంపకందారులు 1924లో ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. ఎండను, పురుగును తట్టుకుంటుందని, తక్కువ మేతతో ఎక్కువ మాంసం ఇస్తుందని వాళ్ళకు ఆ జాతి మీద గురి. అంటే అక్కడ బ్రాహ్మణ్ పుట్టేదీ పెరిగేదీ పళ్ళెంలోకి రావడానికే. మన దగ్గర 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే ప్రాంగణం రణరంగమైంది. నాకు టెక్సాస్ వారి తిండి మీద అభ్యంతరం లేదు, వాళ్ళు పెట్టుకున్న పేరు మీదా లేదు. అంత బరువైన పేరు అక్కడికి చేరేసరికి ఎంత తేలికైపోయిందో చూసి ఆశ్చర్యపడుతున్నాను, అంతే.

ఆ పేరు ఇక్కడ ఎంత బరువైనదో ఒంగోలు నేలకే తెలుసు. అదే ప్రకాశం జిల్లాలో, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. ఆ గొడవకు మొదలు కూడా పశువే. మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడుగుతుంటే ఒక కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. వాణ్ణి కొట్టబోతే ఒక స్త్రీ నీళ్ళ బిందె అడ్డం ఎత్తింది. ఎత్తిన బిందెకు మరునాడు ఊరంతా కదిలి వచ్చి జవాబిచ్చింది. ఒంగోలు గిత్త పేరుప్రతిష్ఠల గురించి రాసిన పత్రికలు ఆ జిల్లా చరిత్రలోని ఈ పశువును గుర్తు చేయలేదు. చేయాలని నేను అనను, వార్తలకు చోటు తక్కువ.

పశువు దగ్గర మొదలుపెట్టాక తోలు దగ్గరికి రాక తప్పదు. అమెరికాలో ఒక సదస్సుకు వెళ్ళినప్పుడు, పెద్ద దుకాణం ఒకదానిలో, అద్దాల అరలో వరసగా తోలు సంచులు కనిపించాయి. మొసలి చర్మంలా అచ్చు గుద్దిన మెరిసే సంచులు. ధర వందల డాలర్లు. వాటి మీద ఇంగ్లీషులో చిన్న ఇత్తడి బిళ్ళ: ‘బ్రాహ్మిన్’. 1982లో మసాచుసెట్స్‌లో మొదలైన ఆడవాళ్ళ చేతిసంచుల కంపెనీ అది. మా తాత తోలు పని చేసినవాడు. లందలో నానిన తోలును తంగేడు చెక్కతో పదును చేసి, ఆరె పట్టుకుని, మోతుబరుల బావులకు మోటబొక్కెనలు కుట్టాడు. ఆయన చేతుల వాసనకు ఊళ్ళో పేరు వేరే ఉండేది. తోలు వస్తువు మీద బ్రాహ్మణ్యం పేరు ఇంత అందంగా అతికిన దృశ్యాన్ని ఆయన చూడకుండానే పోయాడు. చూసి ఉంటే నవ్వేవాడని నా నమ్మకం. ఆయనకు హాస్యం ఎక్కువ. పక్కన ఉన్న నా పూర్వ విద్యార్థిని, ‘సార్, ఒకటి కొంటారా?’ అంది. కొనలేదు. కారణం సిద్ధాంతం కాదు, ధర.

తోలు పని చేసినవాడి పేరు ఆ సంచి మీద ఉండదని తెలుసు. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ తరువాత సురేంద్రనగర్‌లో దళితులు పశువుల కళేబరాలను తీసుకొచ్చి కలెక్టరు కార్యాలయం ముందు పడేశారు, తల్లి అన్నారు గదా, మీరే చూసుకోండని. దేశం మొత్తం మీద ఆ ఏడాది నేను చూసిన అత్యుత్తమ రాజనీతి వ్యాఖ్యానం అదే, దానికి ఏ పత్రికా సంపాదకీయమూ సాటి రాలేదు.

ఆ సంచికి ఆ పేరు రావడం వెనక మన అగ్రహారాలు లేవు, బోస్టన్ నగరం ఉంది. అక్కడి పాత సంపన్న కుటుంబాలను ‘బోస్టన్ బ్రాహ్మిన్లు’ అంటారు. ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాడు వైద్యుడూ రచయితా అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్. 1860లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో న్యూ ఇంగ్లండ్ బ్రాహ్మణ కులం గురించి రాస్తూ, తరతరాలుగా చదువు అబ్బిన ఆ కుటుంబాలను ఎవరికీ హాని చేయని కులీనులని మెచ్చుకున్నాడు. ఆయనా ఆ కుటుంబాల మనిషే. తమకు తామే ‘హాని చేయనివారు’ అని యోగ్యతాపత్రం రాసుకోవడం ఏ దేశపు బ్రాహ్మణ్యానికైనా ఉన్న లక్షణమే కాబట్టి, ఇంతవరకూ అనువాదం సరిగ్గానే జరిగిందని ఒప్పుకోవాలి.

మన కాలంలో ఆ మాటను మళ్ళీ పైకి తెచ్చింది ఫ్రెంచి ఆర్థికవేత్త తొమా పికెటీ. 2018లో ఆయన ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికా ఎన్నికల లెక్కలు తీసి, ఒకప్పుడు శ్రామికుల పార్టీలుగా ఉన్నవి క్రమంగా పెద్ద చదువుల వాళ్ళ పార్టీలుగా మారాయని చూపించాడు. వాటికి ‘బ్రాహ్మిన్ లెఫ్ట్’ అని పేరు పెట్టాడు. డబ్బున్నవాళ్ళ పార్టీలకు ‘మర్చంట్ రైట్’ అని. ట్రంపు గెలిచినప్పుడల్లా మన ఇంగ్లీషు పత్రికల్లో ఈ మాట తప్పక కనబడుతుంది. పికెటీకి భారతదేశం తెలియదని అనలేం, కులం మీద తన పెద్ద పుస్తకంలో చాలా పేజీలు రాశాడు. అయినా నాలుగు వర్ణాల లెక్కలోంచి రెండింటినే తీసుకున్నాడు. మిగతావాళ్ళు? వాళ్ళు ఓటర్లు. వర్ణం వెలుపలివాళ్ళ సంగతి అసలే రాలేదు. ఈ పోలిక ఎంత కుదిరిందో ఆయనకు కూడా పూర్తిగా తెలిసి ఉండదు.

వలస పాలనలో పక్షులకు కూడా కులాలు కట్టబెట్టారని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. తెల్లని తల, ఇటుక రంగు రెక్కలు ఉన్న గద్దకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ‘బ్రాహ్మినీ కైట్’. మనం గరుడపక్షి అని దండం పెడతాం. ఊరి చెత్తకుప్పల మీద తిరిగే నల్లగద్దకు ‘పరయా కైట్’ అని పేరు. మొదటిది శాకాహారి ఏమీ కాదు. చచ్చిన చేపలు, పీతలు దాని ప్రధాన ఆహారం. రెండూ ఒకే ఆకాశంలో ఒకే పని చేస్తాయి. ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి నల్లగా ఉంది. వీధికుక్క కూడా ‘పరయా డాగ్’ అయింది. కులవ్యవస్థ మీద ఉద్గ్రంథాలు చదవడానికి బద్ధకించే నా విద్యార్థులకు నేను ఈ రెండు గద్దలను చూపిస్తుంటాను.

సినిమాల్లో సంగతి ఇంకా తమాషా. 1987లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’ అనే హాలీవుడ్ చిత్రంలో అంటరానివారు ఎవరంటే, చికాగోలో లంచం ముట్టని పోలీసు అధికారులు. లంచం వాళ్ళను ముట్టలేదు గనుక అంటరానివారు. ఆ చిత్రంలో నటించిన షాన్ కానరీకి ఆస్కార్ వచ్చింది. 2011లో ఫ్రెంచి వారు ‘అంతూషాబ్ల్’ అని ఒక చిత్రం తీశారు. ఆ మాటకూ అర్థం అంటరానివారనే. కాళ్ళూ చేతులూ కదపలేని కోటీశ్వరుడు, అతణ్ణి చూసుకోవడానికి వచ్చిన పేదవాడు, వాళ్ళిద్దరి స్నేహం కథ. 2016లో ఆ చిత్రమే మనకు నాగార్జున, కార్తి నటించిన ‘ఊపిరి’ అయింది. చక్కని పేరు, చక్కని సినిమా. అయితే మూలం పేరును ఉన్నదున్నట్టు తెనిగించి, ‘అంటరానివాళ్ళు’ అని పోస్టరు వేసి, అగ్రహీరో బొమ్మ పెట్టి, గుంటూరు సెంటర్లో అతికించగల నిర్మాత తెలుగునాట పుట్టలేదు. ఫ్రాన్సులో ఆ మాట ఒక చమత్కారం, ఇక్కడ అది ఒక చిరునామా. పేరు మార్చినవాళ్ళు ఆ తేడా కచ్చితంగా ఎరిగినవాళ్ళు.

పరయా అన్న మాట వద్దకు వస్తాను. తమిళంలో పరై అంటే డప్పు, ఆ డప్పు పేరు మీదుగా పరయర్లు అని చాలామంది పండితులు చెబుతారు. పోర్చుగీసువారి నోట, ఇంగ్లీషువారి నోట పడి ఆ కులం పేరు యూరప్ చేరింది. 1791లో బెర్నార్దాన్ ద సాన్-పియేర్ అనే ఫ్రెంచి రచయిత తన కథలో ఒక పరయా చేత జ్ఞానబోధ చేయించాడు. గేటే ‘పరయా’ పేరుతో కవితలు రాశాడు. 1838లో ఫ్లోరా త్రిస్తాన్ అనే స్త్రీవాది తన పెరూ యాత్రా కథనానికి శీర్షికలోనే తనను తాను పరయా అని చెప్పుకుంది. మాక్స్ వెబర్ యూదులను పరయా ప్రజలన్నాడు; 1944లో హన్నా ఆరెంట్ ఆ మాట మీదే ఒక గొప్ప వ్యాసం రాసింది. వీళ్ళందరిలో ఆ మాట పట్ల ఒక గౌరవం ఉంది, అది నేను కాదనను. కానీ ఒక్కొక్క చేయి మారుతున్నకొద్దీ అందులోంచి ఒకటి రాలిపోతూ వచ్చింది. అది పుట్టుక.

కొన్నేళ్ళ కిందట యూరప్‌లో ఒక విందులో నా పక్కన కూర్చున్న ఆచార్యుడు, ‘మా శాఖలో నేను పరయాను’ అని నిట్టూర్చాడు. ఎప్పటినుంచి అని అడిగాను. మూడేళ్ళయింది అన్నాడు. ఏం చేశారన్నాను. డీన్‌ను విమర్శిస్తూ ఉత్తరం రాశాడట. ఎప్పుడు పోతుందన్నాను. ‘వచ్చే ఏడాది డీన్ మారతాడు’ అన్నాడు ఆశగా. డీన్ మారితే పోయే అంటరానితనాన్ని నేను మొదటిసారి అక్కడే కలుసుకున్నాను. మనిషి మంచివాడు, నాకు ద్రాక్షసారా కూడా పోశాడు. ఆ మాట ఎక్కడిదో చెబితే నొచ్చుకుంటాడని విందు అయ్యేదాకా ఆగాను. చెప్పాక నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ మాటకు ఎక్కువ గిరాకీ ఉన్నది దౌత్యంలో. ‘పరయా స్టేట్’ అంటే ప్రపంచం వెలివేసిన దేశం. జాతివివక్ష కాలపు దక్షిణాఫ్రికా, ఉత్తర కొరియా, ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా, ఇలా ఆ జాబితా మారుతుంటుంది. 2018లో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య జరిగాక, 2019 నవంబరులో అభ్యర్థుల చర్చలో జో బైడెన్ సౌదీ అరేబియాను పరయాగా చేస్తానని ప్రకటించాడు. 2022 జూలైలో, చమురు ధర మండిపోతున్న వేళ, అదే బైడెన్ జెద్దా వెళ్ళి సౌదీ యువరాజు పిడికిలికి తన పిడికిలి తాకించాడు. ముట్టుకోవడం ఎంత తేలికో చూడండి. సిరియా నేత అహ్మద్ అల్ షరా తల మీద అమెరికా కోటి డాలర్ల వెల పెట్టి 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025 నవంబరులో ఆయన శ్వేతసౌధంలో కూర్చున్నాడు. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చాడు. ఆయన మొదటి విలేకరుల సమావేశంలోకి మహిళా పాత్రికేయులకు ప్రవేశం లేకపోయింది. వెలి నుంచి బయటపడుతున్న అతిథి వస్తూనే ఇంకొకరిని వెలివేశాడన్నమాట.

దేశాల విషయంలో ఈ వెలికి మూడు లక్షణాలున్నాయి. ఒక నేరం ఉంటుంది, దానికి తేదీ ఉంటుంది, ప్రాయశ్చిత్తానికి ధర ఉంటుంది. చమురో, ఖనిజాలో, అణుబాంబో ఉంటే ఆ ధర చెల్లుతుంది. చెంగల్పట్టు పల్లెల్లో చెరువులో నీళ్ళు ముట్టకూడదన్న మనిషి ఏం నేరం చేశాడు? ఏ తేదీన? ఎంత చెల్లిస్తే పోతుంది? మూడు ప్రశ్నలకూ జవాబు లేకపోవడమే అసలు పరయా స్థితి. ప్రపంచం ఆ మాటను తీసుకున్నది, జవాబు లేకపోవడాన్ని ఇక్కడే వదిలేసింది.

వదిలేయడంలో మన ప్రభుత్వాలు చేసిన సాయం తక్కువది కాదు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తరువాత మనం కూడా కొన్నాళ్ళు వెలిలో ఉన్నాం. అప్పుడు జస్వంత్ సింగ్ ‘ఫారిన్ అఫైర్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. శీర్షికలోనే ‘అణు అపార్థైడ్’ను ఖండించారు. కొందరికి బాంబులు ఉండవచ్చు, కొందరికి ఉండకూడదు అనడం వివక్ష అని వాదం. బలమైన వాదమే. మూడేళ్ళు తిరిగేసరికి, ఆయనే విదేశాంగ మంత్రిగా ఉన్న 2001లో, డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగింది. కుల వివక్షను అక్కడ చర్చించాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం జాతి కాదు, అది మా అంతర్గత విషయం అని మన ప్రభుత్వం అడ్డం నిలిచింది. బాంబుకు జరిగిన వివక్ష అంతర్జాతీయ సమస్య, మనిషికి జరిగినది ఇంటి సంగతి. ఈ విషయంలో ఆ తరువాత వచ్చిన ఏ పార్టీ ప్రభుత్వమూ అంతకు భిన్నంగా మాట్లాడలేదు.

ఇక మన తెలుగు రాజకీయాల్లో ‘అంటరానితనం’ అన్న మాట పొత్తుల కాలంలో పూస్తుంది. ‘ఆ పార్టీ మాకేమీ అంటరానిది కాదు’ అని ఒకరు, ‘మమ్మల్ని రాజకీయంగా అంటరానివాళ్ళను చేశారు’ అని ఇంకొకరు. సీట్ల సర్దుబాటు కుదరగానే ఆ అంటరానితనం నిర్మూలన అవుతుంది. రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి ప్రయత్నిస్తున్న పనిని వీళ్ళు ఒక్క రాత్రి మంతనాల్లో పూర్తి చేస్తారు.

మాటలకు ఇంత సులువుగా దొరికిన వీసా సాక్ష్యానికి దొరకడం లేదు. 2020 జూన్ చివర కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి, సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజినీరు మీద కులవివక్ష జరిగిందని దావా వేసింది. ఆ దావా మంచిచెడ్డలు కోర్టుల సంగతి. దాని వెంట మొదలైన గొడవ మాత్రం మన సంగతి. 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగరమండలి కులవివక్షను నిషేధించింది. ఆ ప్రతిపాదన తెచ్చిన క్షమా సావంత్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఉభయసభలూ అలాంటి బిల్లునే ఆమోదించాయి. సెనెటర్ ఐషా వహాబ్ తెచ్చిన బిల్లు అది. అక్టోబరు 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని తిప్పి పంపాడు. ఉన్న చట్టాలే చాలునన్నాడు. బిల్లును వ్యతిరేకించిన మనవాళ్ళ వాదన ఇంకా ముచ్చటగా ఉంది: అమెరికాలో కులం లేదు, చట్టంలో ఆ మాట రాస్తే వస్తుంది.

కులం లేదని చెప్పేవారి దేశం నుంచే నాకు ప్రతి కార్తీకంలో వనభోజనాల ఫొటోలు వస్తాయి. ఏ తోటలో ఎవరి వనభోజనమో బ్యానరు చూడకుండా, పక్కనున్న సంఘం పేరు చూడకుండా చెప్పగలను. ఆ పిల్లలు మంచి పిల్లలు. పులిహోర కూడా బాగుంటుందట. వాళ్ళలో ఎవరికీ ‘బ్రాహ్మిన్’ సంచి కొనుక్కోవడానికి అభ్యంతరం లేదు, ‘పరయా స్టేట్’ అన్న మాట పత్రికలో చదవడానికి అభ్యంతరం లేదు. ‘కులం’ అన్న మాట ఆఫీసు నియమావళిలో రాస్తే మాత్రం తమ పరువు పోతుందన్నారు. నా పూర్వ విద్యార్థిని, ఆ దుకాణంలో నా పక్కన నిలబడిన అమ్మాయి, అక్కడ తన ఇంటిపేరును రెండక్షరాలకు కుదించుకుంది. పిలవడానికి తేలిక అని అమెరికన్లకు చెబుతుంది. తెలుగువాళ్ళు అడిగితే ఏం చెబుతుందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మలేసియాలో ఇంకో రకం చిక్కు వచ్చింది. అక్కడ మలయ్ భాషలో ‘పరయా’ పచ్చి తిట్టు, తమిళుల మీద వాడే తిట్టు. 1971 నాటి ‘ఇంటర్‌లోక్’ అనే నవలను బడి పిల్లలకు పాఠ్యపుస్తకం చేస్తే, అందులో ఆ మాట ఉందని భారత సంతతివారు ఉద్యమించారు. 2011 చివర ప్రభుత్వం ఆ పుస్తకాన్ని ఉపసంహరించింది. ఉద్యమం న్యాయమైనదే. అయినా అందులో రెండు గొంతులు కలిసి ఉన్నాయని నాకనిపిస్తుంది. మనుషులను అలా పిలవడం తప్పు అనేది ఒక గొంతు. మమ్మల్ని వాళ్ళతో కలిపి లెక్కించడం తప్పు అనేది రెండోది. నినాదం ఒకటే కావడం వల్ల ఏది ఎవరిదో ఫొటోల్లో తెలియదు.

ఆ మాటను బరువు తగ్గకుండా మోసినవాళ్ళు లేకపోలేదు. జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని అడిగాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని పిల్లలకు పరిచయం చేశాడు. ఆ పిల్లలు ఒకప్పుడు అంటరానివారనబడిన కుటుంబాల పిల్లలు. కింగ్‌కు మొదట మనసు చివుక్కుమంది. తరువాత తన దేశంలో కోట్లాది నల్లవారి ఇరుకు బతుకులు తలచుకుని, అవును నేను అంటరానివాణ్ణే అనుకున్నాడు. 1965లో అట్లాంటా చర్చిలో ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. బైడెన్ నోట వచ్చిన మాటకూ ఆ ప్రధానోపాధ్యాయుడి నోట వచ్చిన మాటకూ నిఘంటువులో తేడా తక్కువ. రెండో ఆయన ఆ మాట ఎవరిదో తెలిసి, వాళ్ళ ఎదుట నిలబడి, వాళ్ళ తరఫున వాడాడు.

ఎవరి మాటో వాళ్ళే తేల్చుకున్న చరిత్ర కూడా మనకు ఉంది. 1893లో మద్రాసులో రెట్టమలై శ్రీనివాసన్ ఒక పత్రిక పెట్టి దానికి ‘పరయన్’ అని పేరు పెట్టాడు. తిట్టుగా వాడే మాటను పత్రిక తల మీద అచ్చువేసి అమ్మాడు. ఆయన సమకాలికుడు అయోతీదాస్‌కు ఆ పేరు అసలే గిట్టదు. మాది వేరే పేరు, వేరే చరిత్ర అన్నాడు. వాళ్ళిద్దరి తగాదా ఇప్పటికీ తీరలేదు, తీరనక్కర్లేదు కూడా. తెలుగునాట 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ అని పిలుపునిస్తే, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించి, పంచములం మేం కాము, ఈ నేలకు మొదటివాళ్ళం అని చెప్పి, సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్పించాడు. పిలిచిన పేరుతో సభకు వచ్చి, సొంత పేరుతో ఇంటికి వెళ్ళారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పరయ, పంచమ అన్న మాటలు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఒప్పుకుంది. ఆ ఉత్తర్వు అందిన దాఖలాలు ప్రపంచ దౌత్యవేత్తల దగ్గర కనబడవు.

నేను బోధించేది రాజనీతి శాస్త్రం గనుక ‘పరయా స్టేట్’కు తెలుగు చెప్పక తప్పని రోజు ఏటా ఒకటి వస్తుంది. ఈసారి తరగతిలో ఒకడు ‘వెలి దేశం’ అన్నాడు. ఒకడు పత్రికల్లో చదివింది గుర్తు తెచ్చుకుని ‘అంటరాని దేశం’ అన్నాడు. వెనక బల్ల మీద కూర్చున్న అమ్మాయి లేచి, పరయా అని ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుందని అడిగింది. ఎదుటి మనిషిని కించపరుస్తూ నలుగురిలో కులం పేరు పెట్టి తిడితే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు అవుతుంది, దేశాన్ని తిడితే కాదు అన్నాను. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. ‘ఆంక్షలకు గురైన దేశం అని రాస్తాను సార్, మార్కులు తగ్గిస్తారా?’ అంది. తగ్గించను, కానీ జవాబుపత్రం దిద్దేది నేను కాదు, బయటివాళ్ళు అన్నాను. ఒక్క నిమిషం ఆలోచించి నోటుపుస్తకంలో రెండూ రాసుకుంది, ఒకటి పెన్నుతో, ఒకటి పెన్సిలుతో.